అటక మీద దాచిన ఆయిల్ కూలర్ పెట్టె

గుంటూరు బ్రాడీపేట నుంచి ఒక తమ్ముడు నాలుగు పేజీల ఉత్తరం రాశాడు, పేరు వద్దన్నాడు కాబట్టి రాయట్లేదు. వయసు 31, నాన్నగారిది మిర్చి యార్డులో కమిషన్ కొట్టు, ఇతనూ అక్కడే కూర్చుంటాడు. రెండేళ్ల కింద 2018 మోడల్ స్కోడా ఆక్టావియా ఆర్ఎస్ 230 సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నాడు, ఆర్నెల్లు తిరక్కుండానే స్టేజ్ 1 రీమ్యాప్ (ఇంజన్ కంప్యూటర్ సెట్టింగులు మార్చి పవర్ పెంచడం) చేయించాడు. ఏడాదికి ఒకటి రెండుసార్లు మద్రాస్ వెళ్లి ఇరుంగట్టుకోట్టై ట్రాక్ మీద తోలుతాడు. పోయిన ఫిబ్రవరిలో అక్కడ నాలుగో సెషన్లో ఆయిల్ టెంపరేచర్ 134 డిగ్రీలు చూపించిందట, గుండె జారి పిట్స్‌లోకి వచ్చేశాడు. అప్పట్నుంచి రోడ్డు మీద కూడా కళ్లన్నీ ఆ అంకె మీదే, మే నెలలో విజయవాడ వెళ్తుంటే కాజా టోల్ దగ్గరకొచ్చేసరికి 108, 110, ఒకరోజైతే 112.

ఇక ఉండబట్టలేక చీటీ పాడిన డబ్బుల్లోంచి 85 వేలు తీసి బయటి దేశం నుంచి ఇంజన్ ఆయిల్‌ని గాలితో చల్లార్చే ఆయిల్ కూలర్ కిట్ తెప్పించాడు. భార్య ఆ పెట్టె ఏందని అడిగితే ఏసీ సామాను అని చెప్పి అటకెక్కించాడు. నాన్నగారికి తెలిస్తే "కంపెనీవాడికి తెలియనిది నీకు తెలిసిందా" అంటారని ఆయనకీ చెప్పలేదు. వీళ్ల లారీలూ కార్లూ పాతికేళ్లుగా చూస్తున్న గుంటూరు ఆటోనగర్ మెకానిక్ ఒకాయన ఉన్నాడు, ఇతను బాబాయ్ అని పిలుస్తాడు, ఆయన కిట్ చూసి "ఇది పెడితే ఏదో ఒకరోజు ఆయిలంతా రోడ్డు మీద పోసుకుని నాకు ఫోన్ చేస్తావు, నేను ముట్టను పో" అన్నాడట. విజయవాడ ఆటోనగర్లో కుర్రాళ్ల షాపు ఒకటి మేం చేస్తాం అంది, కాకపోతే థర్మోస్టాట్ (ఆయిల్ కాగేదాకా కూలర్ వైపు పోనివ్వని వాల్వు) తీసేసి డైరెక్ట్ ఇచ్చేద్దాం, మనకి చలెక్కడిది అంటున్నారు, పైగా బంపర్ వెనక బీమ్ కొంచెం కొయ్యాలంటున్నారు. కూలర్ పెట్టాలా వద్దా, థర్మోస్టాట్ ఉండాలా, బాబాయ్‌ని కాదని వేరే చోటికెళ్తే రేపు ఆయన మొహం ఎట్టా చూడాలి, ఇంట్లో ఏం చెప్పాలి, ఇవీ అతను అడిగినవి.

తమ్ముడూ, నీ ఉత్తరంలో రెండు వేర్వేరు సంగతులున్నాయి, కాజా దగ్గర 112 ఒకటి, మద్రాస్ ట్రాక్ మీద 134 ఒకటి. నువ్వు రెండిట్నీ కలిపి ఒకే భయం చేసుకుని కూర్చున్నావు. ముందు వాటిని విడదీద్దాం.

రోడ్డు మీద 112 అనేది జబ్బు కాదు. ఆయిల్ 100 దగ్గరకి చేరాలి, చేరకపోతేనే ఇబ్బంది. ఇంజన్ లోపల ప్రతి స్టార్టుకీ కాస్త నీటి తేమ పుడుతుంది, నీది డైరెక్ట్ ఇంజెక్షన్ ఇంజన్ కాబట్టి చల్లగా ఉన్నప్పుడు కొంచెం పెట్రోలు కూడా సిలిండర్ గోడల మీదుగా జారి సంప్‌లోకి, అంటే ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టిలోకి దిగుతుంది, ఈ రెండూ ఆవిరై బయటికి పోవాలంటే ఆయిల్ బాగా కాగాల్సిందే. మేలో మన దగ్గర బయటే 44, 45 ఉంటది, రోహిణి కార్తెకి రోళ్లు పగిలే ఎండలో టర్బో బండి, అందులోనూ రీమ్యాప్ చేసిన బండి 110 చూపిస్తే నేనైతే పాటలు పెట్టుకుని తోలుకుంటాను. మంచి ఫుల్ సింథటిక్ ఆయిల్ 120 దాకా గంటలకొద్దీ తట్టుకుంటుంది. మీ నాన్నగారి పాత కార్లలో కూడా ఆయిల్ కాగేది, చూపించే అంకె లేదు కాబట్టి ఎవరి నిద్రా చెడలేదు. నీ బండిలో రేడియేటర్ నీళ్ల వేడి చూపించే సూది చూడు, 90 దగ్గర మేకు కొట్టినట్టు ఉంటుంది, నిజానికి లోపల నీళ్లు అటూ ఇటూ అవుతూనే ఉంటాయి, జనం కంగారు పడతారని కంపెనీవాళ్లే ఆ సూదిని కదలకుండా పెట్టారు. ఆయిల్ అంకెకి ఆ ముసుగు లేదు, ఉన్నది ఉన్నట్టు చూపిస్తుంది, నువ్వు బెదిరావు. అంతే తేడా.

134 మాత్రం నిజమైన సంగతి, దాన్ని నేను తేలిగ్గా తీసెయ్యను. ఆ సెన్సర్ సంప్‌లో ఉంటుంది, అంటే కిందకి దిగి కాస్త సేదతీరిన ఆయిల్‌ని కొలుస్తోంది, బేరింగుల దగ్గరా టర్బో దగ్గరా ఇంకా ఎక్కువే ఉంటుంది. 100 నుంచి 130కి వెళ్లేసరికి ఆయిల్ దాదాపు సగానికి సగం పలచబడుతుంది. పలచబడితే బేరింగుకీ షాఫ్టుకీ మధ్య ఉండాల్సిన పొర సన్నబడుతుంది, ప్రెషర్ తగ్గుతుంది. ఒక్కసారి 134 తాకినందుకు ఇంజనేం పోదు, నువ్వు వెంటనే లోపలికి వచ్చి మంచి పని చేశావు. కానీ ఆ రోజు పోసి ఉన్న ఆయిల్‌తోనే ఇంకా తిరుగుతున్నావా మార్చావా అన్నది నాలుగు పేజీల్లో ఎక్కడా లేదు. మార్చకపోతే ఈ ఉత్తరం చదవడం ఆపి ముందు ఆ పని చేసిరా.

కూలర్ సంగతికి వచ్చే ముందు ఇంకో మాట. నీ బండికి కంపెనీ నుంచే ఒక ఆయిల్ కూలర్ ఉంది, అది గాలితో చల్లారేది కాదు, ఇంజన్‌కి అంటుకుని ఉండే చిన్న పలకల దిమ్మ, ఒక పక్క ఆయిల్ ఇంకో పక్క కూలెంట్ పారుతుంటాయి. దాంట్లో ఒక సుఖం ఏంటంటే పొద్దున్నే నీళ్లు తొందరగా వేడెక్కి ఆయిల్‌ని కూడా వేడెక్కిస్తాయి, తర్వాత ఆయిల్ మరీ కాగితే అదే నీళ్లు ఆ వేడి లాగేసి రేడియేటర్‌కి మోస్తాయి. అంటే రేడియేటర్ ఊపిరి సరిగ్గా లేకపోతే ఆయిలూ చల్లారదు. మరి నువ్వుండేది గుంటూరు. సీజన్లో పత్తి లారీల వెనక, మిర్చి లారీల వెనక తిరిగే బండి. ఏసీ కండెన్సర్‌కీ దాని వెనక రేడియేటర్‌కీ మధ్య సందు ఎప్పుడైనా చూశావా? నేను పోయినేడాది తెలిసినవాళ్ల బండిది బంపర్ విప్పించి చూస్తే, ముందు నుంచి కండెన్సర్ శుభ్రంగానే కనపడుతోంది, దాన్ని కాస్త ముందుకి వంచేసరికి వెనక రేడియేటర్ కింది సగం బూడిదరంగు కంబళి కప్పినట్టుంది, పత్తి నూగు, దుమ్ము, పురుగుల రెక్కలు అన్నీ కలిసి అట్ట కట్టాయి. వేలితో లాగితే ముక్కలు ముక్కలుగా ఊడొచ్చింది. దాన్ని తక్కువ ప్రెషర్ నీళ్లతో, వెనకనుంచి ముందుకి, రెక్కలు వంగకుండా కడిగితే ఆ బండి ఆయిల్ అదే రోడ్డు మీద 6, 7 డిగ్రీలు తగ్గింది. వాటర్ సర్వీస్ కుర్రాడి చేతికి ప్రెషర్ గన్ ఇచ్చి నువ్వు టీకి వెళ్లావంటే మాత్రం రెక్కలన్నీ చాపలా పడుకుంటాయి, పక్కనే నుంచో.

కాబట్టి నీ ముందున్న మొదటి దారి, పెట్టెని అటక మీదే ఉంచి ముందు ఇవి చూసుకోవడం. రేడియేటర్ కడిగించు. ఆయిల్ 5డబ్ల్యూ-30 పోస్తున్నానన్నావు, ట్రాక్‌కి వెళ్లే బండికి ఫోక్స్‌వ్యాగన్ (స్కోడా మాతృసంస్థ) 502 00 అప్రూవల్ ఉన్న 5డబ్ల్యూ-40 గ్రేడ్‌కి మారు, వేడిలో కాస్త చిక్కగా నిలబడుతుంది, డబ్బా వెనక ఆ నంబర్ రాసి ఉందో లేదో నువ్వే చదువు, షాపాయన మాట మీద వదిలెయ్యకు. 15 వేల కిలోమీటర్లు అయ్యేదాకా ఆగకుండా ఏడెనిమిది వేలకే మార్చెయ్, ట్రాక్ డే అయిన వెంటనే ఒకసారి. ట్రాక్ మీద కూడా సెషన్ ఉన్న ఇరవై నిమిషాలూ ఏకబిగిన తొక్కకు, మూడు నాలుగు ల్యాపులు గట్టిగా, ఒక ల్యాపు మెల్లగా, లోపలికొచ్చాక వెంటనే ఇంజన్ కట్టెయ్యకుండా కాసేపు ఆడనిచ్చి బానెట్ తెరిచిపెట్టు. ఇవన్నీ చేసి ఇంకోసారి మద్రాస్ వెళ్లిరా, అంకెలు కాగితం మీద రాసుకో. 125 దగ్గర ఆగితే నీకు కూలర్ అవసరం లేదు, కిట్ ఇంకా వాడలేదు కాబట్టి 10, 15 వేలు నష్టంతో అమ్ముకోవచ్చు. ఈ దారిలో లోటు ఒక్కటే, నీకు పక్కా సమాధానం రావడానికి ఇంకో నాలుగైదు నెలలు పడుతుంది, ఈలోపు ఆ అంకె వంక చూడటం మాత్రం మానవు, ఆ సంగతి నాకు తెలుసు.

రెండో దారి కూలర్ పెట్టుకోవడం. అన్నీ కడిగి మార్చినా నాలుగు ల్యాపులకే 130 దాటుతుంటే అప్పుడది సోకు కాదు, అవసరమే. కానీ పెడితే సరిగ్గా పెట్టాలి, ఇక్కడే నేను కొంచెం గట్టిగా మాట్లాడతాను, ఎందుకంటే ఈ దెబ్బ నేను తిన్నాను.

2008 ప్రాంతంలో నా దగ్గర పాలియో 1.6 ఉండేది. ఎవరో లారీ సామాన్ల కొట్లో దొరికిన చిన్న కూలర్ తెచ్చి, థర్మోస్టాట్ లేకుండా నేనే దగ్గరుండి బిగించుకున్నాను, అచ్చం నీకిప్పుడు ఆ కుర్రాళ్లు చెప్తున్న పద్ధతే, నేనన్న మాట కూడా అదే, బెజవాడలో చలేంట్రా అని. ఎండాకాలం బ్రహ్మాండంగా ఉంది. జనవరిలో ఒకరోజు తెల్లారుజామున మంగళగిరి దాకా వెళ్లొచ్చి ఆయిల్ క్యాప్ తీశాను, మూత అడుగున మజ్జిగ చిలికినప్పుడు కవ్వానికి అంటుకున్న వెన్నలాగా లేతపసుపు ముద్ద. ముందు హెడ్ గ్యాస్కెట్ పోయిందేమో అని కాళ్లు చల్లబడ్డాయి, తీరా చూస్తే అరగంట తోలినా ఆయిల్ 70 దాటట్లేదు, తేమ బయటికి పోయే దారి లేక అక్కడే గూడు కట్టుకుంటోంది. మనకి చలి లేదు నిజమే, కానీ 90, 100 స్పీడులో కూలర్ మొహాన కొట్టే గాలి అంతా ఇంతా కాదు, అంత గాలికి అడ్డం పెట్టిన కూలర్ ఏ కాలంలోనైనా చల్లారుస్తూనే ఉంటుంది. థర్మోస్టాట్ ఉంటే దాదాపు 80 దాటేదాకా ఆయిల్‌ని కూలర్ వైపు పోనివ్వదు, గాలి బుడగలు రాకుండా, ఒక్కసారిగా చల్లటి ఆయిల్ దూకకుండా ఏదో సన్నని ధార మాత్రం వదులుతుంది. నీ కిట్‌లో అది ఉంది, దానికీ కలిపే నువ్వు 85 వేలు కట్టావు, దాన్ని తీసి పక్కన పెడతాం అనేవాడి చేతికి బండి ఇవ్వకు. బీమ్ కోస్తాం అన్నప్పుడే నువ్వు తాళం చేతులు తీసుకుని బయటికి రావాల్సింది. రేపు ఎదురుగా ఏదన్నా గుద్దితే ఆ దెబ్బ మొదట తీసుకోవాల్సింది ఆ బీమే, నాలుగు అంగుళాల కూలర్ కోసం దాన్ని కోసేదేంది?

పెట్టే చోటు గురించి. ఇంటర్‌కూలర్‌కి (టర్బో నుంచి ఇంజన్‌కి వెళ్లే గాలిని చల్లార్చేది), రేడియేటర్‌కి నేరుగా ముందు పెడితే ఆయిల్ చల్లబడుతుంది గానీ ఆ వేడి గాలి వెనక ఇంటర్‌కూలర్‌కి తగిలి ఇంజన్ పీల్చే గాలి వేడెక్కుతుంది, ఒక చేత్తో ఇచ్చి ఇంకో చేత్తో లాక్కోవడం. బంపర్ కింద పక్కన, ఫాగ్ లైట్ జాలీ వెనక చోటుంటే అక్కడ పెట్టించి, గాలి తప్పకుండా కూలర్ లోంచే పోయేట్టు చిన్న డక్ట్ చేయించు, లేకపోతే గాలి పక్కనుంచి జారిపోతుంది. మరీ పెద్ద కోర్, అంటే కూలర్ పలకల దిమ్మ, వద్దు, ఏడాదికి రెండుసార్లు ట్రాక్ ఎక్కే బండికి 13 లేదా 16 వరసలది చాలు. పైపులు తగిలించే మూతులు పైకి ఉండేట్టు బిగిస్తే లోపల గాలి చిక్కుకోదు, పక్కకి ఉన్నా ఫర్వాలేదు, కిందకి తిప్పకండి. రబ్బరు బుష్షుల మీద కూర్చోవాలి, ఇనుము మీద ఇనుము పెట్టి బిగిస్తే ఆర్నెల్లకి కోర్ మూలల దగ్గర పగులు. నీ ఇంజన్ ఫిల్టర్ డబ్బాలా తిప్పి బిగించేదా, మూత తీసి లోపల కాగితం ఎలిమెంట్ మార్చేదా చూసుకుని, ఫిల్టర్ దగ్గర కూర్చుని ఆయిల్‌ని కూలర్ పైపుల్లోకి మళ్లించే సాండ్‌విచ్ ప్లేటు దానికి సరిపోయేదో కాదో ముందే కొలిపించు, అన్నిటికీ పనికొస్తుందని అమ్మే సాండ్‌విచ్ ప్లేట్లు చాలావరకు డబ్బా ఫిల్టర్లకి చేసినవే. కంపెనీ ఇచ్చిన నీళ్ల కూలర్‌ని తీయించకు, అదీ ఉండాలి ఇదీ ఉండాలి.

ఇక పైపులు. మీ బాబాయ్ భయపడింది వీటి గురించే, ఆయన భయం ఉత్తిది కాదు. చల్లటి స్టార్టులో ఆ లైన్లో ప్రెషర్ బాగా ఉంటుంది, క్లిప్పు బిగించిన మామూలు రబ్బరు పైపు ఆగదు, పైన స్టీలు అల్లిక ఉన్న ఏఎన్-10 సైజు పైపూ దానికి తగ్గ ఫిట్టింగులూ ఉండాలి. ఆ ఫిట్టింగులు కోన్ మీద కోన్ కూర్చుని సీల్ అవుతాయి, మరల మీద కాదు, కాబట్టి తెల్ల టెఫ్లాన్ టేపు చుట్టకూడదు. మనవాళ్లకి కుళాయి పైపు అలవాటు, చెయ్యి ఊరికే టేపు వైపు పోతుంది, ఆ టేపు పోగు ఒకటి తెగి ఆయిల్ దారిలో పడితే ఎక్కడ అడ్డం పడుతుందో దేవుడికే తెలియాలి. పైపుని గ్రైండర్‌తో కోశాక లోపల స్టీలు పొడి, రబ్బరు పొడి నిండిపోయి ఉంటాయి, కడిగి, గాలి కొట్టి, తెల్ల గుడ్డ దూర్చి లాగితే గుడ్డ తెల్లగానే బయటికి రావాలి. బిగించేటప్పుడు రెండు స్పానర్లు, ఒకటి మూతిని పట్టుకోవడానికి, ఒకటి నట్టు తిప్పడానికి, ఒక్కదాంతో తిప్పితే అల్యూమినియం మూతి మెలిపడుతుంది. నా పాలియో కథకి రెండో భాగం ఇక్కడే ఉంది, నేను కట్టిన పైపు రేడియేటర్ పట్టీ అంచుకి రాసుకుంటూ తిరిగింది, నాకు తెలియలేదు, ఒక పొద్దున పార్కింగ్‌లో సిమెంటు మీద పది రూపాయల బిళ్లంత మచ్చ, మర్నాడు బిళ్లలు మూడు, నాలుగోరోజు వారధి మీద పక్కన స్కూటరాయన చెయ్యి ఊపుతూ అరుస్తున్నాడు. ఆపి చూస్తే అల్లిక తెగి, లోపలి రబ్బరు మీద గోరుతో గీసినట్టు సన్నటి గీత. ఇంకో పది నిమిషాలు తోలి ఉంటే ఇంజన్ ఖాళీ అయ్యేది. అందుకే ఎక్కడెక్కడ ఏది తగులుతుందో అక్కడ తొడుగూ క్లాంపూ వేయించు.

పెట్టాక ఫ్యూయల్ పంప్ ఫ్యూజ్ తీసి రెండు మూడుసార్లు స్టార్టర్ మాత్రం తిప్పితే ఖాళీ పైపులూ కూలరూ ఆయిల్‌తో నిండుతాయి, ఆ తర్వాతే స్టార్ట్ చెయ్. అరలీటరు నుంచి ముప్పావు లీటరు దాకా ఆయిల్ అదనంగా పడుతుంది, చదునుగా ఉన్నచోట ఆపి ఐదు నిమిషాలాగి డిప్‌స్టిక్ చూసి పోసుకో, అంచనా మీద గుమ్మరించకు. రాత్రి బండి కింద న్యూస్‌పేపర్ పరిచి పడుకో. ఒక్క చుక్క కూడా లేకపోతే మర్నాడు మంగళగిరి దాకా వెళ్లొచ్చి మళ్లీ టార్చ్ పట్టుకుని చూడు, 500 కిలోమీటర్లకి ఇంకోసారి.

ఇన్సూరెన్స్‌వాళ్లకి ఒక ముక్క రాతపూర్వకంగా చెప్పెయ్, కూలర్ కన్నా రీమ్యాప్ గురించే ఎక్కువ అడుగుతారు, చెప్పకుండా దాచింది క్లెయిమ్ రోజునే బయటపడుతుంది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కంపెనీ ఇచ్చిన వివరాలకి విరుద్ధంగా బండిని మార్చొద్దంటుంది, 2019 సవరణ తర్వాత అనుమతి లేని ఒక్కో మార్పుకీ 5 వేల జరిమానా కూడా ఉంది, ఈ కబురు నీకు రీమ్యాప్ రోజునే ఎవరన్నా చెప్పి ఉండాల్సింది.

మూడో దారి నీకు నచ్చదు, అయినా చెప్తాను. కిట్ అమ్మేసి ఆ డబ్బులో కొంత బ్రేకులకి పెట్టు. నాలుగు పేజీల్లో బ్రేక్ అనే మాట ఒక్కసారి కూడా రాయలేదు నువ్వు. డాట్ 4 రకం బ్రేక్ ఫ్లూయిడ్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగకుండా ఆగాలి, తేమ పీల్చుకున్నాక ఆ లెక్క 155కి పడిపోతుంది. సెకండ్ హ్యాండ్ బండి, రెండేళ్లుగా నీ దగ్గరుంది, ఫ్లూయిడ్ ఎప్పుడు మార్చారో ఎవరికీ తెలియదు. ఆయిల్ 134 అయితే కనీసం అంకె కనపడి భయపెట్టింది, బ్రేక్ ఫ్లూయిడ్ మరిగితే అంకె ఏమీ రాదు, మెయిన్ స్ట్రెయిట్ చివర పెడల్ మెత్తగా కిందకి పోతుంది.

బాబాయ్ సంగతి. ఆయన ముట్టనన్నది మొండితనం అనుకోకు, పాతికేళ్లలో జాయింట్ దగ్గర కారిన బండ్లు ఆయన ఎన్ని తాళ్లు కట్టి లాక్కొచ్చి ఉంటాడో. నువ్వు వెళ్లి "థర్మోస్టాట్, సాండ్‌విచ్ ప్లేట్" అని ఇంటర్నెట్ భాష మాట్లాడి ఉంటావు. లారీ భాషలో మాట్లాడు. లారీ ఇంజన్లకి ఆయిల్ కూలర్ కంపెనీ నుంచే వస్తుంది, ఆయన వందసార్లు విప్పి కడిగి ఉంటాడు, ఇదీ దాని తమ్ముడే బాబాయ్, అది నీళ్లతో చల్లారుద్ది, ఇది గాలితో, అని చెప్పి కిట్ ఆయన బల్ల మీద పరుచు. బిగించమని అడగకు, "వేరేవాళ్లు బిగిస్తారు, ఎక్కడ కారుద్దో ఎక్కడ రాసుకుద్దో నువ్వు చూసి పెట్టు" అని అడుగు. ఆయన్ని కాదని వెళ్లినట్టు ఉండదు, ఆయన కళ్లు దాటి బండి బయటికి పోదు. తప్పులు పట్టే పని అప్పజెప్తే ఏ మెకానికైనా కాదంటాడా? ఒకవేళ అప్పటికీ ముట్టనంటే సరే అని రేడియేటర్ కడిగే పని మాత్రం ఆయనకే ఇవ్వు, అది ఎట్టాగూ చెయ్యాల్సిందే. ఆ కుర్రాళ్లు కాకుండా ఇలాంటి బండ్లకి ఇదే పని ఇదివరకు చేసిన వేరే చేతిని వెతుకు, వాళ్లు చేసిన బండి ఒకటి కనీసం ఏడాది తిరిగింది చూపించమని అడుగు, కింద పడుకుని నువ్వే చూడు.

నాన్నగారికి ట్రాక్ గురించి తెలుసో లేదో నువ్వు రాయలేదు, తెలియదనే అనుకుంటున్నా. ఆయన అంటారని నువ్వు రాసిన మాటలో సగం నిజం ఉంది, రోడ్డుకి కంపెనీ పెట్టింది చాలు, ట్రాక్ కోసం పెట్టలేదు. కాబట్టి కూలర్ గురించి చెప్పాలంటే ట్రాక్ గురించి చెప్పాలి, ఆ వరసలోనే చెప్పు, కూలర్ ఒక్కటే చెప్తే నీకు పిచ్చనుకుంటారు. చెప్పకుండా ఉంటానంటావా, ఉండొచ్చు, కానీ బాబాయ్‌కి తెలుసు, మిర్చి యార్డుకి ఆయన వారానికోసారి వస్తాడని నువ్వే రాశావు.

మీ ఆవిడకి మాత్రం ఈ వారంలోనే చెప్పెయ్. చీటీ డబ్బులు ఇద్దరివీ. ఏసీ సామాను అన్నావు కదా, రేపు ఎండకి ఏసీ సరిగ్గా రాకపోతే "ఆ పెట్టె బిగించొచ్చుగా" అంటుంది, అప్పుడు ఒక అబద్ధానికి ఇంకోటి కట్టాలి. 85 వేలు పెట్టాను, భయమేసి పెట్టాను, అవసరమో కాదో ఇంకా తేలలేదు, అక్కర్లేదని తేలితే అమ్మేస్తాను అని ఉన్నది ఉన్నట్టు చెప్పు. తిడుతుంది, తిట్టనివ్వు. అమ్మితే ఎంత పోతుందో లెక్క కూడా ఆమె ముందే కాగితం మీద వెయ్యి.

రేడియేటర్ కడిగించాక కాజా దాకా అదే టైముకి, అదే స్పీడులో ఒకసారి వెళ్లి అంకె రాసి పంపు, ఏసీ వేసుకున్నావో లేదో కూడా రాయి. పొద్దున స్టార్ట్ చేసినప్పుడు ఆయిల్ అంకె బదులు గీతలు కనపడతాయి, 50 దాటాకే అంకె వస్తుంది, ఆ గీతలు పోయేదాకా యాక్సిలరేటర్ గట్టిగా తొక్కకు, రీమ్యాప్ ఉన్న బండికి అసలు దెబ్బ తగిలేది ఆ మొదటి పది నిమిషాల్లోనే, మీ వీధి చివర నుంచి శంకర్ విలాస్ సెంటర్ దాకా వెళ్లేలోపు.